కంచె లోపలి గడ్డి

2021 ఆగస్టులో అమీర్‌పేటలోని ఒక పర్యావరణ సలహా సంస్థలో వృక్షజాల నిపుణుడిగా చేరాను. అప్పటికే పాతికేళ్లకు పైగా అదే వృత్తిలో ఉన్నవాణ్ణి. రిటైర్మెంటుకు దగ్గర పడ్డాక ఇక అడవులూ గుట్టలూ పట్టుకుని తిరగలేనని, ఎస్.ఆర్. నగర్‌లోని మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే ఆఫీసు చూసుకున్నాను. అది మూడో అంతస్తులో ఉండేది. కింది రెండు అంతస్తులూ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లవి. మెట్ల నిండా నిలబడి ఉన్న పిల్లల్ని తప్పుకోమని బతిమాలుకుంటూ పైకెక్కాలి. చేరిన వారానికే మా డైరెక్టర్ రామ్మోహన్ గారు నా చేతిలో పెట్టిన పని, మళ్లీ గుట్టలెక్కే పనే.

అది ఉత్తర తెలంగాణలో ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. సొరంగం తవ్వకుండా, పై నేలనంతా ఎత్తిపోసి బొగ్గు తీస్తారు. బొగ్గు మీద కప్పుకుని ఉన్న మట్టినీ రాతినీ మా వాడుకలో ఓబీ అంటారు. బొగ్గు అయిపోయిన గోతిని ఆ ఓబీతోనే నింపి, చదును చేసి, ముందే వేరుగా తీసి ఉంచిన పైమట్టిని దాని మీద పరిచి, గడ్డి గింజలు చల్లి, నేలను మళ్లీ పనికొచ్చేలా చేయాలి. దాన్ని భూ పునరుద్ధరణ అంటాం. గని రాకముందు ఆ నేల పక్క ఊరి బంచరాయి, అంటే ఊరందరి పశువులూ మేసే ఉమ్మడి భూమి. పని పూర్తయ్యాక మేత భూమిగానే ఊరికి తిరిగి ఇవ్వాలన్నది గనికి అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతు.

తిరిగి ఇచ్చే స్థితికి వచ్చిందో లేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. గని తవ్వకం తగలని పాత నేలలో ఒక ముక్కను ముందే ఎంచుకుంటారు. దాన్ని పోలిక స్థలం అంటారు. కొన్నేళ్ల తర్వాత పునరుద్ధరించిన నేలలోనూ, పోలిక స్థలంలోనూ ఒకే రోజుల్లో గడ్డిని కొలుస్తారు. రెండూ ఇంచుమించు సరితూగితే భూమి ఊరిది. తూగకపోతే పునరుద్ధరణ విఫలమైనట్టు. అప్పుడు దాని మీద ఇంకో వరస ఓబీ పోసుకునే వెసులుబాటు కంపెనీకి ఉంది. పక్కనే కొత్త గొయ్యి మొదలైంది కాబట్టి, ఆ మట్టిని దూరం మోసుకెళ్లకుండా ఇక్కడే పోసుకోవడం వాళ్లకు ఎంతో సులువు. నేను చేయాల్సిన పని ఆ కొలత. దాన్ని నవంబరులో పంజాగుట్టలోని కంపెనీ అతిథిగృహంలో కూర్చునే సమీక్ష కమిటీ ముందు పెట్టాలి.

వానలు తగ్గాక, గడ్డి గింజ పట్టే సమయంలో వెళ్లాను. మీటరు పొడవూ మీటరు వెడల్పూ ఉన్న ఇనుప చట్రాన్ని నేల మీద వేసి, అందులో ఏ మొక్కలున్నాయో రాసుకుని, గడ్డిని మొదలంటా కోసి, ఆరబెట్టి తూకం వేయాలి. ఇలా రెండు స్థలాల్లోనూ పలుచోట్ల చేశాం. తూకం చూశాక పెదవి విరిచాను. పునరుద్ధరించిన నేల పోలిక స్థలానికి సగం కూడా తూగలేదు.

అంకెలు చూసినంతసేపూ నమ్మకం కలిగింది. కాళ్ల కిందికి చూసుకున్నప్పుడే అనుమానం వచ్చింది. పునరుద్ధరించిన నేలలో గడ్డి పొట్టిగా, దట్టంగా ఉంది. అక్కడక్కడా పేడకళ్లు. అంటే ఊరి పశువులు చాటుగా వచ్చి మేసిపోతున్నాయి. పోలిక స్థలంలో మాత్రం నడుము ఎత్తు బోద గడ్డి. ఇళ్ల కప్పులకు పనికొచ్చే ముతక గడ్డి అది, ముదిరాక పశువులు ముట్టవు. మధ్యమధ్యలో మోదుగ, తునికి మొక్కలు మనిషెత్తుకు వస్తున్నాయి. నాలుగు వైపులా ముళ్ల కంచె, గేటుకు తాళం, కాపలాకు మనిషి.

కంపెనీ ఉద్యానవన విభాగం అధికారి నా వెంటే ఉండి ఆ కంచెను గర్వంగా చూపించాడు. "ప్లాన్ మంజూరు కాంగనే వేయించినం సార్. కుందేలు సుత దూరది," అన్నాడు.

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. మొదటి ప్రణాళికలో 'పోలిక స్థలాన్ని కాపాడవలెను' అని ఒక వాక్యం ఉంది. నేను చేరకముందు మా సంస్థలోనే ఎవరో రాసింది. డంపర్ల నుంచి, తవ్వకం నుంచి కాపాడమని దాని అర్థం. కాపాడటం అంటే కంచె వేయడమే అని తెలిసిన విభాగం చేతిలో ఆ వాక్యం పడింది. వాళ్లు శ్రద్ధగా కాపాడారు. ఊరి పశువులు తరతరాలుగా మేసిన నేల కాబట్టే అది బంచరాయి. మేత ఆగిపోయిన నేల కొన్నేళ్లలో వేరే నేలగా మారుతుంది, చిట్టడవి వైపు నడుస్తుంది. మేత భూమిని తీసుకొచ్చి దాంతో తూకం వేసి తూగమంటే ఎలా తూగుతుంది? పరీక్ష రాసేవాడిది తప్పు కాదు, ప్రశ్నపత్రమే వేరే క్లాసుది.

హైదరాబాద్ తిరిగొచ్చిన కొన్నాళ్లకు మల్లేశం ఆఫీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఆ ఊరి పశువుల కాపరుల తరఫున కంపెనీ వాళ్లతో మాట్లాడేది అతనే. నేను చట్రం వేసి గడ్డి కోస్తుంటే దూరం నుంచి చూస్తూ నిలబడింది కూడా అతనే. కోచింగ్ పిల్లల మధ్య నుంచి ఎక్కివచ్చి, నా టేబుల్ ఎదుట కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బోరబండల మా బామ్మర్ది ఇంట్ల దిగిన సారూ. ఒక్క ముచ్చట అడిగిపోదామని వచ్చిన. గడ్డి గోసిన్రు గదా, ఏమొచ్చింది?"

నివేదిక కమిటీకి చేరకముందు ఎవరికీ చెప్పకూడదన్నది మా నియమం. అదే చెప్పాను. అతను తల ఊపాడు.

"చెప్పకుంటే చెప్పకుండ్రి. నాకైతే ఎనిమిది బర్లున్నయి. వరిగడ్డి కొని వేస్తున్న. గీ ఎండకాలం దాకా ఎట్లనన్న సాకుత. బామ్మర్దేమో అమ్మేయమంటుండు. గీ హాస్టళ్లల్ల వాచ్‌మన్ పని సూపిస్తడంట. బర్లున్నోన్కి వాచ్‌మన్ పని ఎందుకు సారూ? గా బంచరాయి వస్తే నాకేం ఫికరుంది?"

టీ తెప్పిస్తే తాగాడు. వెళ్తూ వెళ్తూ నా ఫోన్ నంబరు అడిగితే ఇచ్చాను. అదీ నియమానికి విరుద్ధమే, కానీ ఇవ్వకుండా ఉండలేకపోయాను.

నివేదికలో కొలతలతో పాటు ఒక పేరా రాశాను. ఈ పోలిక చెల్లదనీ, పోలిక స్థలంలో మేత ఆపేయడం వల్ల అది మునుపటి నేలను సూచించడం లేదనీ రాశాను. మా వృత్తిలో ప్రతి అధ్యాయం కిందా ఆ విషయ నిపుణుడు సంతకం పెట్టాలి, ఆ తర్వాత మొత్తం నివేదికకు జట్టు నాయకుడి సంతకం. జట్టు నాయకుడు రామ్మోహన్ గారే. చెడ్డవారేం కాదు. ఏలూరు నుంచి వచ్చి ఈ సంస్థను ఒక్క గదిలో మొదలుపెట్టి నిలబెట్టిన మనిషి. నా పేరా చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఏంటండీ సుధాకర్ గారూ ఇది? కోసింది మీరు, తూకం వేసింది మీరు. మీ అంకెల మీద మీకే నమ్మకం లేదా ఏంటి?"

"అంకెలు నిజమేనండీ. పోలికే తప్పు."

"పోలిక స్థలం ఇప్పుడు కొత్తగా మనం ఎంచుకున్నది కాదు, మంజూరైన ప్లాన్‌లో ఉన్నది. మనల్ని కొలవమన్నారు, కొలిచాం. అది సరైనదా కాదా అని ఎవరైనా మనల్ని అడిగారా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పేరా నివేదికలో అనుబంధంగా చివరకు పోతుంది. కమిటీ ముందు చూపించే స్లైడ్లలో ఉండదు. ఛైర్మన్ నన్ను అడిగితే మాట్లాడవచ్చు, అడగకపోతే నోరు మెదపకూడదు. అలాంటి సమావేశాల్లో మర్యాద అదే. కంపెనీ పిలిపించిన సలహాదారు కంపెనీ మాటకు అడ్డు వెళ్లడు. అనుబంధాల దాకా ఎవరూ చదవరని ఇద్దరికీ తెలుసు.

సమావేశం రోజు పొద్దున మెట్రో స్తంభాల పక్కన పంజాగుట్ట దాకా నడిచే వెళ్లాను. కాలు కదులుతుంటే కంగారు కొంచెం తగ్గుతుందని. తగ్గలేదు. మా ఆవిడ పొద్దున ప్రార్థనలో నా పేరు రెండుసార్లు తలుచుకుంది, అదీ గుర్తొస్తూనే ఉంది.

కమిటీకి అధ్యక్షురాలు సుజాత గారు, అటవీ శాఖలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన అధికారిణి. ఆమెకు ఒక పక్క రెవెన్యూ, అటవీ శాఖల ప్రతినిధులు. ఎదురుగా గని ప్రాజెక్ట్ ఆఫీసర్. గనికి సంబంధించినంతవరకు అన్ని విభాగాలకూ పైవాడు అతనే. అతని వెనక వరసలో రామ్మోహన్ గారు, నేను.

ప్రాజెక్ట్ ఆఫీసర్ స్లైడ్లు మొదలుపెట్టిన కాసేపటికే నా జేబులో ఫోన్ కదిలింది. మల్లేశం. తీయలేదు. మళ్లీ కదిలింది. మూడోసారికి బయటికి వెళ్లి తీశాను.

"సారూ, మీరు ఆడ కూసున్నరు, ఈడ మా బంచరాయి మీద జెండాలు పాతుతున్రు. కొత్త మట్టి పోసేతందుకు హద్దులంట. ఇంక మీటింగ్ దేనికి?"

కమిటీ తేల్చకముందే సర్వే వాళ్లు హద్దులు గుర్తించడం మొదలుపెట్టారన్నమాట. అతని వెనక చాలామంది గొంతులు, పశువుల గంటలు వినిపిస్తున్నాయి. ఎక్కడున్నావని అడిగాను.

"కంచె కాడ. ఊరంతా వచ్చిన్రు, బర్లను సుత తోలుకొచ్చిన్రు. మా గడ్డి మాకు గాకుంటే, గీ తాళమేసిన గడ్డి మాత్రం ఎవలికి సారూ? తెంపుదమంటున్రు."

వాళ్ల కోపం న్యాయమైనదే. ఆ కంచె నాకూ నచ్చలేదు. కానీ తెంపితే ఆ సాయంత్రానికే అది కేసవుతుంది. నడుము ఎత్తు గడ్డి తొక్కిసలాటలో పోతే, నేను రాసిన పేరాకు ఆధారమే మిగలదు. పోలిక స్థలాన్ని ఊరివాళ్లే పాడుచేశారని రికార్డులో ఎక్కుతుంది. ఆ తర్వాత వాళ్ల మాట వినే కమిటీ ఉండదు.

"మల్లేశం, కంచె ముట్టుకోవద్దు. నేను లోపల మాట్లాడేదాకా ఆగు."

"మేమైతే ఆగుతం. బర్లకు మీరే చెప్పుండ్రి సారూ." ఆ పరిస్థితిలోనూ ఎగతాళి మానలేదు. తర్వాత గొంతు మారింది. "మీరు మాట్లాడుతరా? నిజంగ మాట్లాడుతరా?"

మాట్లాడతానన్నాను. అడిగితేనే మాట్లాడాలన్న ఒప్పందం అతనికి తెలియదు.

లోపలికి వెళ్లేసరికి నా కొలతల స్లైడు తెర మీద ఉంది. రెండు నిలువు పట్టీలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చూసినవాడికెవరికైనా ఒక్కటే అర్థం వస్తుంది. ప్రాజెక్ట్ ఆఫీసర్ "కావున పునరుద్ధరణ ఆశించిన స్థాయికి రాలేదు" అని ముగించాడు. సుజాత గారు పెన్ను తీసి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని తన పక్కనున్న వాళ్లను అడిగారు. వెనక వరసను అడగలేదు. అటవీ శాఖ ప్రతినిధి లేదన్నట్టు తల ఊపాడు. ఆమె రాయడం మొదలుపెట్టబోయారు.

నేను లేచి నిలబడ్డాను. రామ్మోహన్ గారు నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగడం తెలిసింది.

"మేడమ్, ఆ కొలతలు నావి. వాటి గురించి ఒక మాట చెప్పాలి."

ప్రాజెక్ట్ ఆఫీసర్ నావైపు తిరగకుండా రామ్మోహన్ గారి వైపు తిరిగి చూశాడు. సుజాత గారు పెన్ను కింద పెట్టలేదు కానీ చెప్పమన్నారు. నేను చెప్పింది కొంచెమే. పొడుగు పట్టీ కంచె లోపలి గడ్డిదనీ, అందులో పశువుల మేతకు పనికొచ్చేది తక్కువనీ, పొట్టి పట్టీ పశువులు రోజూ మేస్తుండగా మిగిలిన గడ్డిదనీ చెప్పాను. ఆ మాటలు చెప్తున్నంతసేపూ నా చెవుల్లో బర్ల గంటలే మోగుతున్నాయి.

ప్రాజెక్ట్ ఆఫీసర్ అప్పుడు నాతో మాట్లాడాడు. "పోలిక స్థలం కాపాడాలని రాసింది మీ ప్లాన్‌లనే గదా సార్. మేము కాపాడినం. ఇప్పుడొచ్చి ఎక్కువ కాపాడిన్రు అంటే ఎట్ల?"

అతని వైపు నుంచి చూస్తే అది అన్యాయమే. ఇంతలో అతని సహాయకుడు లోపలికొచ్చి చెవిలో ఏదో చెప్పాడు. అతని ముఖం తేటపడింది.

"మేడమ్, గా ఊరోళ్లు ఇప్పుడు పశువులతోని కంచె మీదికి వచ్చిన్రంట. సెక్యూరిటీ ఫోన్ చేసిండు. ఇగ చూడండి పరిస్థితి."

కథ అక్కడే ముగిసిందనుకున్నాను. సుజాత గారు సెక్యూరిటీకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టమన్నారు. అటు సెక్యూరిటీ అధికారిని ఒకటే అడిగారు.

"కంచె తెంపారా?"

"లేదు మేడమ్. బయటనే నిలబడ్డరు. గేటు తీయమంటున్రు, అంతే. ఒక పెద్దమనిషి అందరినీ ఆపుతుండు."

ఆమె ఫోన్ పెట్టేయమన్నారు. నివేదిక చివరికి తిప్పి, అనుబంధం తీసి, అందరి ముందూ నా పేరా చదువుకున్నారు. తర్వాత ప్రాజెక్ట్ ఆఫీసర్‌తో మామూలు గొంతుతోనే అన్నారు. "మీరు కాపాడింది నిజమే. కానీ మనం ఊరికి తిరిగి ఇవ్వాల్సింది బంచరాయి. పశువులు లేని చోటును చూపించి ఇది బంచరాయి అంటే ఊరివాళ్లు గేటు తీయమనక ఏమంటారు?"

నిర్ణయం ఆమె అక్కడికక్కడే చెప్పి రాయించారు. మట్టి పోసే పని ఆపాలి, జెండాలు తీసేయాలి. పోలిక స్థలంలో సగాన్ని, ముదిరిన గడ్డీ మొక్కలూ కోయించి, మేతకు తెరవాలి. అందులోనూ, పునరుద్ధరించిన నేలలోనూ ఒకే తీరుగా, లెక్క ప్రకారం కొద్దిపాటి పశువులను ఒక పూర్తి ఏడాది మేపి, మళ్లీ కొలవాలి. అప్పటిదాకా మిగతా పశువులు ఏ వైపుకూ రాకూడదు, చాటుగా కూడా.

శాస్త్రం ప్రకారం అంతకంటే సరైన తీర్పు ఉండదు. నేనే కూర్చుని రాసినా అదే రాసేవాణ్ణి. బయటికి వచ్చి మల్లేశానికి ఫోన్ చేసి చెప్పాను. అతను ఆ మాటను వెనక్కి తిరిగి అందరికీ వినిపించాడు. అరుపులు వినిపించాయి, సంతోషపు అరుపులే. రామ్మోహన్ గారు మాత్రం అమీర్‌పేట దాకా ఆటోలో నాతో మాట్లాడలేదు. ఆఫీసు మెట్ల దగ్గర దిగాక, "మళ్లీ ఎప్పుడైనా లేవాలనుకుంటే ముందు నాకు చెప్పండి, నేనూ లేస్తాను," అన్నారు. ఆయన గురించి నా అభిప్రాయం ఆ రోజు మారింది.

మరుసటి ఏడు వానల తర్వాత నేనే వెళ్లి కొలిచాను. చదునుగా ఉన్న భాగమంతా పోలిక స్థలంలో తెరిచిన సగానికి సరితూగింది. అంచుల్లోని వాలు భాగం తూగలేదు, అది ఇంకొన్నాళ్లు కంపెనీ దగ్గరే ఉండాలని రాశాను. చదును భాగాన్ని ఊరికి అప్పగించారు. కాగితాల మీద చేవ్రాళ్లయ్యాయి, ఫోటోలు తీశారు. ఆ ఫోటోల్లో మల్లేశం లేడు. పొలం పనుల మీద ఉండి ఉంటాడనుకున్నాను.

ఆ తర్వాతి వేసవిలో, నేను రిటైరయ్యే ముందు, ఒక ఆదివారం చర్చి నుంచి ఎస్.ఆర్. నగర్ సందుల్లోంచి ఇంటికి నడుస్తుంటే, ఒక హాస్టల్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలోంచి ఎవరో లేచి నమస్తే పెట్టారు. నీలం చొక్కా, మెడలో ఈల. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"నేనే సారూ, మల్లేశంను."

బర్లేమయ్యాయని అడిగాను. అడిగాక అడగకుండా ఉండాల్సింది అనిపించింది.

"గా ఏడాదిల్నే పోయినయి సారూ. లెక్క ప్రకారం కొన్నే మేపాలన్రు గదా. ఎవలెవలియి అన్నప్పుడు పేర్లు నేనే చెప్పాల్సొచ్చింది. ఊరికి పెద్దరికం చేసుకుంట నా పేరు నేనే ఎట్ల చెప్పుకుంట? మునుపైతే జర చాటుగనన్న మేసేటివి. కాపలా గట్టిగైనంక గదీ లేదు. ఎండకాలం దాకా వరిగడ్డి కొన్న, ఇగ కాలేదు. ఒక్కొక్కటే అంగడికి తోలిన."

నాకు బాధగా ఉందని చెప్పాను. అతను తేలిగ్గానే తీసుకున్నాడు.

"మీదేముంది సారూ. భూమైతే వచ్చింది. గడ్డి మస్తుగున్నదంట, మొన్న మా తమ్ముడు చెప్పిండు." లోపలి నుంచి ఎవరో బండి హారన్ కొడితే, గేటు తీయడానికి వెళ్లాడు.

ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది చెప్పడం నా బాధ్యత. కొలత ఎంత కచ్చితంగా ఉన్నా, దేనితో పోలుస్తున్నామో ముందు చూడాలి. అది ఆ నవంబరులోనే నేర్చుకున్నాను. రెండోది హాస్టల్ గేటు దగ్గర నేర్చుకున్నాను. భూమిని సరిగ్గా తిరిగి ఇవ్వడానికి పట్టే కాలాన్ని మేం ప్రణాళికలో ఏడాదిగా రాస్తాం. ఆ ఏడాది పశువులున్నవాడి ఇంట్లో గడుస్తుంది. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు సంస్థలు ప్రణాళికలు పంపి సంతకం అడుగుతుంటాయి. భూమి తిరిగి ఇచ్చేదాకా ఊరి పశువులు ఎక్కడ మేస్తాయి, మేత ఎవరు ఇస్తారు అన్న పేరా అందులో ఉందా అని ముందు చూస్తాను. లేకపోతే ప్రణాళిక అసంపూర్ణమని రాసి, సంతకం పెట్టకుండా తిప్పి పంపుతాను.